ముప్పై ఏడో ప్రశ్న

ఫలితాల కాగితం అంటించిన రోజు పుస్తకాలక్క రోలరు దగ్గర డ్యూటీలో ఉంది.

ఆసుపత్రి వెనకవైపు, బాయిలరు గదిని ఆనుకొని ఉంటుంది లాండ్రీ. వార్డుల నుంచి పసుపుపచ్చ సంచుల్లో వచ్చే దుప్పట్లను ముందు చన్నీళ్ళలో జాడించాలి. వేణ్ణీళ్ళు తగిలాయంటే నెత్తుటి మరక ఇక గుడ్డను వదలదు. తర్వాత మరలో ఉతికి, పిండి, తడి పూర్తిగా ఆరకముందే ఆవిరి రోలరుకు అందించాలి. ఇద్దరు ఇటునుంచి అంచులు పట్టి లోపలికి తోస్తే అటు ఇద్దరు అందుకొని మడతపెడతారు. పద్నాలుగేళ్ళుగా ఆమె చేస్తున్న పని అదే. రెండు ముంజేతుల మీదా రోలరు కాల్చిన మచ్చలు గాజులు వేసుకున్నట్టు వరసగా ఉంటాయి. టీ వేళ మిగతావాళ్ళు కబుర్లలో పడితే ఆమె సబ్బుపొడి అట్టపెట్టె మీద కూర్చుని ఏదో ఒకటి చదువుకుంటుంది. అందుకని పుస్తకాలక్క. పేరు పెట్టింది వెక్కిరించడానికే. పిలిస్తే ఆమె చక్కగా పలికింది కాబట్టి వెక్కిరింత పోయి పేరు మిగిలింది.

ఆ పరీక్ష ఆసుపత్రి ఉద్యోగులకు మాత్రమే పెట్టేది. రికార్డు గదిలో గుమాస్తా పోస్టులు ఆరు. పదో తరగతి ప్యాసైనవాళ్ళు లాండ్రీలో ఉన్నా వంటగదిలో ఉన్నా రాయవచ్చు. వయసు మాత్రం నలభై రెండు దాటకూడదు. పుస్తకాలక్కకు నలభై ఒకటి నిండి ఏడు నెలలయింది. మళ్ళీ పరీక్ష పెట్టేది వచ్చే ఏడే. అంటే ఆమెకు ఇదే ఆఖరుసారి.

కబురు తెచ్చింది ఆమె ఆడపడుచు. అదే లాండ్రీలో మడతబల్ల దగ్గర పని. నిద్రలో తప్ప నోరు మూతపడదని ఆమెను అక్కడ గలగల అంటారు. భర్తతో పడక పుట్టింటికి వచ్చేసి ఆరేళ్ళు. అన్నావదినెలతోనే ఉంటోంది. వదిన బలవంతం మీదే పరీక్షకు కూర్చుంది.

"వదినా! నాకొచ్చింది! అరవై! సరిగ్గా అరవై! ఆరో పేరు నాదే వదినా!" అంటూ తడినేల మీద జారబోయి నిలదొక్కుకుంది.

పుస్తకాలక్క ముఖం విప్పారింది. "నాకు తెలుసే, నువ్వు మనసు పెడితే చేస్తావని. మరి నాది?"

గలగల నోరు అప్పుడు మూతపడింది. తడి చేతులు చీరకొంగుకు తుడుచుకుంది. తుడిచినవే మళ్ళీ తుడిచింది.

"యాభై తొమ్మిది వదినా. నీది ఏడో పేరు."

రోలరులోకి సగం వెళ్ళిన దుప్పటి వంకరపోయింది. అవతలి నుంచి ఎవరో కేకేశారు. పుస్తకాలక్క దుప్పటిని సరిచేసి, మిగిలిన పదమూడూ తోసి, అప్పుడు నోటీసు బోర్డు దగ్గరికి వెళ్ళింది.

బోర్డు మీద మార్కుల పక్కనే జవాబుల కీ కూడా అంటించారు. ఏ ప్రశ్నకు ఏ జవాబు పెట్టిందీ ఆమె ప్రశ్నపత్రం మీద పెన్సిలుతో గుర్తు పెట్టుకొని ఉంది. బోర్డు ముందు నిలబడి ఒక్కొక్కటే సరిచూసుకుంది. లెక్కల్లో పోయినవి పోయాయి. అవి తన తప్పులే. తెలిసిన తప్పులకు బాధ ఉంటుంది గానీ కోపం ఉండదు. ముప్పై ఏడో ప్రశ్న దగ్గర ఆమె వేలు ఆగిపోయింది.

'కింది ఇంగ్లీషు మాటల్లో అత్యున్నత స్థానం అనే అర్థం లేనిది ఏది?' నాలుగు మాటలు: ఏపెక్స్, యాక్మీ, నాదిర్, జెనిత్. ఆమె నాదిర్ అని పెట్టింది. కీలో యాక్మీ అని ఉంది.

ఆమె మళ్ళీ చదివింది. కళ్ళు నులుముకొని చదివింది. పక్కనున్న వంటగది మనిషిని పిలిచి చదివించింది. యాక్మీ అనే ఉంది.

అరికాలి మంట నెత్తికెక్కడం అంటే ఏమిటో ఆమెకు అప్పుడు తెలిసింది.

ఎందుకంటే ఆ మాటలను ఆమె ఊరికే బట్టీ పట్టలేదు. నాలుగు నెలలు తెల్లారుజామున లేచి, పాత పుస్తకాల బండి మీద కొన్న నిఘంటువు ముందేసుకొని, ఒక్కో అర్థానికి ఎన్ని మాటలున్నాయో అట్టముక్కల మీద రాసుకుంది. శిఖరానికి పదకొండు దొరికాయి. పీక్, సమ్మిట్ కొండకు. ఏపెక్స్ త్రిభుజం కొన. క్రెస్ట్ అలకు. జెనిత్ అంటే మిట్టమధ్యాహ్నం సూర్యుడు నిలిచే నడినెత్తి. నాదిర్ దానికి సరిగ్గా ఎదురు, మన కాళ్ళకింద అట్టడుగు. యాక్మీ కొండకూ అలకూ కాదు, మనిషి నేర్పుకు. ఒక పనిలో ఇక ఇంతకు మించి పైకి పోలేరు అనే చోటు. ఆ మాట అంటే ఆమెకు ప్రత్యేకమైన ఇష్టం. పావుగంటలో ముప్పై దుప్పట్లు ఒక్క ముడత లేకుండా మడిచే పాత ఉద్యోగిని ఒకామె ఉండేది. ఆమెను తలుచుకొని ఆ మాట గుర్తుపెట్టుకుంది.

ఇవన్నీ మడతబల్ల దగ్గర గలగలకు కూడా చెప్పింది. గలగల ఆవలించి, "ఒక్క కొండకు ఇన్ని పేర్లా వదినా! పనీపాటా లేనివాళ్ళు కాకపోతే," అంది.

*

పరీక్షల విభాగం మూడో అంతస్తులో. లోపల టైపిస్టు ఒక్కతే ఉంది. పాతికేళ్ళ పిల్ల, చేతులు కీబోర్డు మీద ఆడుతుంటే కళ్ళు మాత్రం మనిషి మీద పెట్టి వింటుంది. పుస్తకాలక్క చెప్పిందంతా విని తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"టైపు చేసేటప్పుడే అనుమానమొచ్చింది అక్కా. వైస్ ప్రిన్సిపాల్ గారినే అడిగాను. 'నీ పని టైపు కొట్టడం, నాకు పాఠాలు చెప్పడం కాదు' అన్నారు."

"ఆయన రాసిచ్చిన కాగితం ఉందా?"

"ఫైల్లో ఉంది. ఆయన చేతిరాతే. కానీ అక్కా, నా పేరు మాత్రం ఎత్తొద్దు. నాది ఇంకా పర్మనెంటు కాలేదు."

"ఎత్తనులే."

"అప్పీలు మూడు రోజుల్లో ఇవ్వాలి. మీ సూపర్‌వైజరు సంతకంతో."

వైస్ ప్రిన్సిపాల్ అంటే ఆసుపత్రి శిక్షణ పాఠశాల వైస్ ప్రిన్సిపాల్. నర్సులకు చర్మవ్యాధుల పాఠం చెబుతాడు. ఇంగ్లీషు బాగా వచ్చని పేరు. ఆ పేరు కూడా ఆయనే చెప్పుకొని తెచ్చుకున్నది. అందుకే ప్రశ్నపత్రం తయారీ ఏటా ఆయనకే వస్తుంది.

పుస్తకాలక్క మెట్లు దిగుతూ లెక్కవేసుకుంది. కీ సరిదిద్దితే తనకు అరవై. ఆరో పేరు తనది. అంతవరకూ బాగానే ఉంది. తర్వాత రెండో అంతస్తు మలుపులో ఇంకో సంగతి తట్టి కాలు ఆగింది. గలగలకు అరవై వచ్చిందంటే ఆ ప్రశ్నకు ఏం పెట్టి ఉంటుంది?

*

"యాక్మీ అనే పెట్టాను," అంది గలగల ఆ సాయంత్రం ఇంట్లో.

గదిలో నలుగురూ ఉన్నారు. పుస్తకాలక్క భర్త వడ్రంగి. ఎవరికో చేస్తున్న కిటికీ చట్రానికి గరుకుకాగితం రుద్దుతున్నాడు. అత్తగారు గోడకు చేరగిలబడి కాళ్ళు చాపుకొని కూర్చుంది. సంగతంతా విన్నాక వడ్రంగి గరుకుకాగితం పక్కన పెట్టాడు.

"ఇప్పుడేమంటావ్? దీనికొచ్చింది తీసి నీకు ఇమ్మంటావా?"

"దీనికొచ్చింది తీయమనట్లేదు. నాకు రావలసింది ఇమ్మంటున్నాను."

"రెండూ ఒకటే కదా. పోస్టులు ఆరేనాయె. ఇంట్లో ఒకరికి వచ్చింది. ఎవరికొస్తేనేం, ఇంటికే కదా వచ్చేది?"

"ఎవరికొస్తేనేం?" పుస్తకాలక్క గొంతు పెరిగింది. "నాలుగు నెలలు కోడికంటే ముందు లేచింది ఎవరు? ఇల్లా? ఈ గోడ లేచిందా, ఆ చట్రం లేచిందా? నేను లేచాను. రోలరు దగ్గర చేతులు కాలింది ఇంటికి కాదు, నాకు!"

అత్తగారు అందుకుంది. "కాలినవి నీ చేతులొక్కటేనా? నా బిడ్డవి కాలట్లేదా? దాని బతుకు అసలే అట్లా అయింది. నోటిదాకా వచ్చిన ముద్దను లాక్కుంటావా? నీకు మొగుడున్నాడు, నీడ ఉంది. దానికేముంది?"

"అత్తా, దాన్ని పరీక్షకు కూర్చోబెట్టింది నేను. ఫారం నింపింది నేను. దానికి రావాలని నాకంటే ఎక్కువ కోరుకున్నవాళ్ళు ఈ ఇంట్లో లేరు. కానీ తప్పును తప్పనకుండా నోరు మూసుకొని కూర్చోమంటే నావల్ల కాదు."

"ఒక్క మార్కు!" అన్నాడు వడ్రంగి. "ఒక్క మార్కు కోసం పెద్దవాళ్ళ మీదికి పోతావా? రేపు లాండ్రీలో ఉన్న ఉద్యోగం కూడా ఊడితే?"

"నువ్వు చట్రం కొలత ఒక్క గీత తక్కువ కోస్తావా?"

అతను గరుకుకాగితం మళ్ళీ అందుకున్నాడు.

గలగల అప్పటిదాకా చాప అంచు పీకుతూ కూర్చుంది. తలెత్తకుండానే అంది. "నేనేమైనా దొంగతనం చేశానా వదినా? ఎదురుగా నాలుగు మాటలుంటే ఒకటి పెట్టాను. అది వాళ్ళకు నచ్చింది. అందులో నా తప్పేముంది?"

"నీ తప్పేం లేదు."

"మరి నన్నెందుకట్లా చూస్తున్నావ్?"

నిజానికి పుస్తకాలక్క ఎవరినీ చూడటం లేదు. కానీ ఆ క్షణంలో ఆమెకు అందరిమీదా కోపంగానే ఉంది. కీ రాసినవాడి మీద, కొలత గురించి అడిగితే నోరు మూసుకున్న భర్త మీద, ఆవలిస్తూ విని, తప్పు రాసి, మార్కు కొట్టేసిన ఆడపడుచు మీద. ఈ ఆఖరి కోపం న్యాయం కాదని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన తగ్గలేదు.

*

మరునాడు పెద్ద దుప్పట్ల రోజు. పెద్ద దుప్పటి మడవాలంటే ఇద్దరు కావాలి. చెరో వైపు రెండు మూలలు పట్టుకొని, లాగి, దులిపి, ఎదురెదురుగా నడిచి, మూలలు కలపాలి. మళ్ళీ వెనక్కి, మళ్ళీ ముందుకు. ఆరేళ్ళుగా ఆ పనికి వదినా ఆడపడుచులే జత.

ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకోలేదు. అర నిమిషానికోసారి ఎదురుగా వచ్చి వేళ్ళు తగిలించి వెళ్ళిపోయారు. గలగల అవసరానికి మించి గట్టిగా లాగింది. పుస్తకాలక్క అంతకంటే గట్టిగా లాగింది. పదో దుప్పటి మధ్యకు చిరిగింది. లాండ్రీ మొత్తం పనాపి చూసింది. గలగల నోటి వెంట చప్పుడు లేకుండా పూట గడవడం వాళ్ళెవరూ ఎరగరు.

మధ్యాహ్నం పుస్తకాలక్క అప్పీలు కాగితం పట్టుకొని సూపర్‌వైజరు బల్ల దగ్గరికి వెళ్ళింది. ఆయన చదివి మడిచి తిరిగి ఇచ్చేశాడు.

"నాకెందుకమ్మా ఈ తద్దినం? వైస్ ప్రిన్సిపాల్ గారిది తప్పని నేను సంతకం పెట్టాలా? ఆయనకు ఇంగ్లీషు రాదని నేను చెప్పాలా?"

"తప్పని మీరు చెప్పక్కర్లేదు. నేను చెబుతున్నానని మీరు చెబితే చాలు. పైకి పంపడానికే సంతకం."

"రేపు చూద్దాం."

"రేపటితో గడువు అయిపోతుంది."

"అయితే ఎల్లుండి చూద్దాం," అని నవ్వాడు. తను వేసిన జోకుకు తనే మురిసిపోయాడు.

పుస్తకాలక్క నవ్వలేదు. తిన్నగా రోలరు దగ్గరికి నడిచి ఎర్ర మీట కిందికి దించింది. మర పెద్ద నిట్టూర్పు విడిచి ఆగిపోయింది. బాయిలరు చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"ఏంటది? ఏం చేస్తున్నావ్?" సూపర్‌వైజరు పరుగెత్తుకొచ్చాడు. "ఆపరేషను థియేటరుకు మూడింటికల్లా గుడ్డలు పంపాలి!"

"తెలుసు. పద్నాలుగేళ్ళుగా నేనేగా పంపుతున్నది. ఒక్కరోజు ఆలస్యం చేశానా? ఒక్క ముడత ఉందని ఎవరైనా అన్నారా? ఒక్క సంతకం అడిగితే మీకు నవ్వులాటగా ఉందా?" మీట మీంచి చెయ్యి తీయకుండా రెండో చేత్తో కాగితం చాపింది. "పెట్టండి. మర తిరుగుతుంది."

ఆయన చుట్టూ చూశాడు. ఇరవైమంది ఆడవాళ్ళు చేతులు కట్టుకొని నిలబడి ఉన్నారు. ఎవరూ ఆయన వైపు లేరు. గొణుక్కుంటూ జేబులోంచి పెన్ను తీశాడు.

*

నాలుగో రోజు విచారణకు పిలిచారు. కీ మారితే నష్టపోయేది గలగల కాబట్టి ఆమెను కూడా పిలిచారు. పరీక్షల అధికారి తలనెరిసిన మనిషి. ఫైలు తిప్పుతూ ముఖంలో ఏ భావమూ కనబడనివ్వడు. పక్కన వైస్ ప్రిన్సిపాల్ కాలు మీద కాలేసుకొని కూర్చున్నాడు. వదినా ఆడపడుచులు నిలబడ్డారు. కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. కూర్చోమని ఎవరూ అనలేదు.

పుస్తకాలక్క నిఘంటువు తెరిచి బల్ల మీద పెట్టింది. వైస్ ప్రిన్సిపాల్ దాన్ని ముట్టుకోకుండానే అట్ట చూసి పెదవి విరిచాడు.

"బండి మీద కొన్నదా? అట్ట కూడా సరిగ్గా లేదు. ఇలాంటివి చూసి నాతో వాదిస్తే ఎట్లా అమ్మా?"

"అట్ట లేకపోతే అర్థం మారదండీ."

"చూడు. జెనిత్, నాదిర్ అనేవి జంట పదాలు. రెండూ ఆకాశానికి సంబంధించినవి. ఎప్పుడూ కలిపే వాడతారు. ఏపెక్స్ అంటే పైకొన. ఇక మిగిలింది యాక్మీ. దానికీ శిఖరానికీ సంబంధమే లేదు. నేను ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నాను."

"ఇరవై రెండేళ్ళు చెబితే తప్పు ఒప్పవుతుందా?"

అధికారి తలెత్తి చూశాడు. వైస్ ప్రిన్సిపాల్ ముఖం కందగడ్డ అయింది.

"మర్యాద! మర్యాదగా మాట్లాడు. బట్టలుతుక్కునేవాళ్ళకు నిఘంటువులు చేతికిస్తే ఇట్లాగే ఉంటుంది. ఇదిగో, ఈమెను చూడండి సార్," అని గలగల వైపు చెయ్యి చూపించాడు. "ఈమెదీ ఆ లాండ్రీయే. సరైన జవాబు పెట్టింది. తెలివితేటలున్నవాళ్ళకు ఎక్కడున్నా తెలుస్తుంది. ఏమ్మా, నువ్వే చెప్పు. యాక్మీ అని ఎందుకు పెట్టావు?"

గలగల ఉలిక్కిపడింది. అధికారి కూడా ఆమె వైపు తిరిగాడు. "చెప్పండి. ఫర్వాలేదు."

ఆమె వదిన ముఖం చూడలేదు. నేలనూ చూడలేదు. ఆ పెద్దమనిషినే చూసింది.

"మొటిమలు సార్," అంది.

"ఏంటి?"

"మొటిమలు. నా బుగ్గల మీద వస్తుంటాయి. ఇక్కడి చర్మం డాక్టరమ్మే మందు రాసిచ్చింది. గొట్టం మీద ఆ మాటే ఉంటుంది. యాక్నీ అని. రోజూ రాసుకుంటాను గదా, తెలిసిన మాటలాగే కనబడింది. ఇదేదో మొటిమల సంగతి, కొండలకు సంబంధం లేదులే అనుకొని గీత పెట్టేశాను. మా వదిన మాత్రం అది శిఖరమనే చెప్పింది నాకు. మడతబల్ల దగ్గర రెండుసార్లు చెప్పింది. నేనే వినలేదు."

అధికారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. ఆ తర్వాత నెమ్మదిగా పక్కకు తిరిగి అడిగాడు. "మీరు చెప్పేది చర్మవ్యాధుల పాఠం కదండీ?"

వైస్ ప్రిన్సిపాల్ కాలు మీది కాలు దించాడు. "దానికీ దీనికీ సంబంధం లేదు. స్పెల్లింగులో ఒక్క అక్షరం..." అని మధ్యలోనే ఆపేశాడు. ఆగిన తర్వాత తను ఏమన్నాడో తనకే వినబడినట్టుంది.

అధికారి గంట కొట్టి గ్రంథాలయం నుంచి పెద్ద నిఘంటువు తెప్పించాడు. అట్ట ఉన్నది. యాక్మీ, నాదిర్ రెండింటి అర్థాలూ పైకి చదివాడు. రెండు పుస్తకాల్లోనూ ఒకటే రాసి ఉంది.

బయటికి వచ్చాక వరండాలో గలగల చరచరా ముందు నడిచింది. పుస్తకాలక్క వెనకాల వెళ్ళి భుజం మీద చెయ్యి వేయబోతే విదిలించుకుంది.

"నీ కోసం చెప్పాననుకోకు వదినా. నాకు నీమీద ఇంకా కోపంగానే ఉంది. ఆ ఉద్యోగం నాక్కావాలి. రాత్రంతా దేవుణ్ణి అదే అడిగాను." ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాటినీ కోపంగానే తుడుచుకుంది. "కానీ వాడు నన్ను తెలివైనదంటూ నిన్ను బట్టలుతుక్కునేదన్నాడు చూడు, ఒళ్ళు మండిపోయింది. నేనేం చేస్తున్నట్టు, పట్టు నేస్తున్నానా? నన్ను చూపించి నిన్ను కొడతాడా! వాడి బోడి మెప్పు ఎవడిక్కావాలి?"

ఇద్దరూ లాండ్రీకి నడిచారు. పక్కపక్కనే నడిచారు.

*

మర్నాడు కొత్త నోటీసు అంటించారు. పుస్తకాలక్కకు అరవై, ఆరో పేరు. గలగలకు యాభై తొమ్మిది. కింద ఒక వాక్యం. 'ముప్పై ఏడో ప్రశ్న జవాబులో టైపు పొరపాటు దొర్లినందున సవరించడమైనది. బాధ్యులైన టైపిస్టుకు మెమో జారీ చేయడమైనది.'

పుస్తకాలక్క తన పేరు చూసుకున్న సంతోషం ఆ వాక్యం చదివేదాకానే. చదివాక చెవుల్లోంచి ఆవిరి వచ్చినట్టయింది. లాండ్రీ వాళ్ళు చుట్టూ చేరి చేతులు పట్టుకొని ఊపుతున్నారు. ఆమె వాళ్ళను తోసుకొని మూడో అంతస్తుకు ఎక్కింది.

టైపిస్టు మెమో కాగితం ముందు పెట్టుకొని కూర్చుంది. ముక్కు ఎర్రగా ఉంది.

"నీ పేరు ఎత్తనని మాటిచ్చాను," అంది పుస్తకాలక్క. "ఇప్పుడు వాళ్ళే ఎత్తారు. ఏం చెయ్యమంటావ్?"

టైపిస్టు ముక్కు తుడుచుకుంది. లేచి, బీరువాలోంచి ఫైలు తీసి, వైస్ ప్రిన్సిపాల్ చేతిరాత కాగితం పైకి వచ్చేలా తిప్పి ఇచ్చింది. "నేనూ వస్తాను అక్కా," అంది.

ఇద్దరూ వెళ్ళేసరికి పరీక్షల అధికారి భోజనం డబ్బా విప్పుతున్నాడు. పుస్తకాలక్కను చూసి నిట్టూర్చాడు. "మీ మార్కు మీకొచ్చింది కదమ్మా. ఇంకా ఏంటి?"

"నా మార్కు నాకొచ్చింది. ఈ పిల్లకు మెమో ఎందుకొచ్చింది?"

"అది ఆఫీసు వ్యవహారం. మాటవరసకు ఏదో ఒకటి రాయాలి. పెద్దవాళ్ళ పరువు ఉంటుంది. చిన్న మెమోనే, ఏమీ కాదు."

"చిన్నదైతే ఆయనకే ఇవ్వండి!" ఆమె ఫైలు బల్ల మీద పెట్టిన చప్పుడుకు డబ్బా మూత కింద పడింది. "ఇదిగో ఆయన చేతిరాత. ఇందులో ఏముందో ఈ పిల్ల అదే కొట్టింది. తప్పని అడిగితే నోరు మూసుకొమ్మన్నాడు. తప్పు రాసినవాడికి పరువు, తప్పని చెప్పినదానికి మెమోనా? దీన్ని కూడా మీరు నిఘంటువు తెప్పించి చూడాలా?"

అధికారి ఆమెను బయటికి పొమ్మనలేదు. ఆ చేతిరాతను చదివి, కళ్ళజోడు తీసి, బల్ల మీద పెట్టాడు. "వెళ్ళండి. నేను చూస్తాను," అన్నాడు. "చూస్తాను" అనే మాట మీద ఆమెకు నమ్మకం లేదు. మరునాడు మళ్ళీ వచ్చింది. ఆ మరునాడూ వచ్చింది. ఎనిమిదో రోజున మెమో వెనక్కి తీసుకున్నారు. నోటీసులో 'టైపు పొరపాటు' పోయి 'ప్రశ్నపత్రం తయారీలో దోషం' అని వచ్చింది. తయారుచేసినవాడి పేరు రాయలేదు. ఆసుపత్రిలో అందరికీ తెలుసు కాబట్టి రాయనక్కర లేకపోయింది.

ఇంట్లో అత్తగారు నెలరోజులు కోడలితో మాట్లాడలేదు. వడ్రంగి మూడో రోజుకే మాట్లాడాడు గానీ, "మొత్తానికి పంతం నెగ్గించుకున్నావ్" అని మొదలుపెట్టి తిట్లు తిన్నాడు. గలగల కొత్త నోటీసు అంటించిన సాయంత్రమే మాట్లాడింది. మాట్లాడకుండా ఉండటం ఆమెకు చేతకాదు. కాకపోతే ఆరు నెలలపాటు వదిన ఏమన్నా "అవును, నువ్వు గుమాస్తావి కదా" అని ముగించేది. ఆ మాట ప్రతిసారీ గుచ్చుకునేది. పుస్తకాలక్క పడింది. మరుసటి ఏడు గలగల మళ్ళీ రాసింది. మూడు మార్కుల్లో పోయింది. ఆ పై ఏడు వచ్చింది.

రికార్డు గదిలో కిటికీలు రెండే. వేడి ఉండదు గానీ దుమ్ము ఎక్కువ. చేరిన రెండో నెలలో ఒకరోజు వైస్ ప్రిన్సిపాల్ తనకు కావలసిన పాత కేసు కాగితాల కోసం తనే వచ్చాడు. ఆమెను చూసి కాస్త తడబడి, తర్వాత నవ్వు తెచ్చుకున్నాడు.

"బాగున్నావా అమ్మా? జరిగిందేదో జరిగిపోయింది. ఇంకా నామీద కోపం పోలేదా?"

ఆమె ఆయన చీటీ చదివి అర నంబరు చూసింది.

"లేదండీ," అంది. "మూడో వరసలో కింది అర. చూసుకొని, సంతకం పెట్టి తీసుకెళ్ళండి."